బాపు వేయించిన బోరు, నా దవడలో స్క్రూలు

పళ్లు పెట్టించుకోబోయేవారిని భయపెట్టడానికి ఇది రాయడం లేదు. భయపడదలచుకున్నవారు నా సాయం లేకుండానే భయపడగలరు. నాకు ఈ మధ్యే కాస్త తెరిపి దొరికింది. నోరు తెరిచి అద్దంలో చూసుకునే ధైర్యం వచ్చింది. అది పోకముందే రాసేద్దామని కూర్చున్నాను.

ఉగాది ముందు

నా పై వరుసలో ముందరి పళ్లు రెండూ కాల్చిన మక్క కంకితో జరిగిన యుద్ధంలో పోయాయి. తప్పు కంకిది కాదు. అది నిప్పుల మీద కాలి, ఉప్పూ నిమ్మకాయా పూయించుకొని, తన మానాన తాను ఉంది. నేనే వెళ్లి కొరికాను. ఆ టప్పుమన్న చప్పుడుకు నల్గొండ గడియారం చౌరస్తాలో బండ్లన్నీ ఆగిపోయాయని నా నమ్మకం. ఒక్క సైకిలు కూడా ఆగలేదని మా ఆవిడ సుజాత వాదన. ఒక పన్ను కంకిలోనే గింజల వరుసలో సర్దుకొని కూర్చుంది. రంగు కూడా సరిపోయింది. రెండోది సగానికి విరిగి వేలాడింది.

ఆ రంగు సంగతి చెప్పాలి. మాది నల్గొండకు పడమట ఒక పల్లె. నీళ్లలో ఫ్లోరైడ్. మా ఊళ్లో పుట్టినవాళ్ల పళ్ల మీద ఇటుకరంగు చారలుంటాయి, అక్కడక్కడ పెచ్చులూడి ఉంటాయి. మా ఊరి పెళ్లి ఫొటోలు చూసినవారు అవి సంతాపసభలో తీసినవనుకుంటారు. పెళ్లికొడుకు, పెళ్లికూతురుతో సహా అందరూ పెదాలు బిగించే ఉంటారు. ఆ నీళ్లు చేసే నష్టం పళ్లతో ఆగితే ఎవరూ పట్టించుకోరు. కొందరికి అది ఎముకల్లోకి దిగుతుంది. మా బాపుకు దిగింది.

బాపు మాతోనే నల్గొండలో ఉంటాడు. నడుము వంగిపోయింది, మెడ బిగుసుకుపోయింది, చూపు ఎప్పుడూ నేల మీదే. మనుషుల్ని చెప్పుల్ని బట్టి గుర్తుపడతాడు. నేను కొత్త చెప్పులు కొన్నప్పుడల్లా ఆయనకు నన్ను నేను పరిచయం చేసుకోవాలి. మా ఊళ్లో మొట్టమొదటి బోరు వేయించింది ఆయనే. నీళ్లు పడిన రోజు జనమంతా వచ్చి దోసిళ్లతో తాగి, కొబ్బరినీళ్లలా ఉన్నాయని ఆయన్ని భుజాల మీద ఊరేగించారు. భుజాల మీద అన్నది నేను కలిపింది. తాగింది మాత్రం నిజం. మేమంతా ఆ నీళ్లతోనే పెరిగాం. ఇప్పుడు ఊళ్లో నల్లాలకు నది నీళ్లు వస్తున్నాయి. ఆ బోరు నీళ్లు తాగొద్దని దానికి ఎర్రరంగు పూసి వదిలేశారు.

పళ్లు పోయిన సాయంత్రం బాపు నా పాదాల వైపు చూస్తూ అడిగాడు.

"పండ్లు ఊడినయట?"

"రెండు, బాపు."

"గా నీళ్లు..."

"నీళ్లు గాదే. మక్క కంకి."

"మక్క కంకికి పండ్లు ఊడుతయారా? గీ వయసుల?"

జవాబు చెప్పబోయాను. అది ఆ సందులోంచి గాలిగానే బయటికి వచ్చింది. బస్టాండులో మైకు ముందు కూర్చొని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పడం నా ఉద్యోగం. ఆ వారం నేను మైకులో నోరు తెరిస్తే నా గొంతుకన్నా ముందు గాలి వచ్చేది. ప్రయాణికులు ఏదో టైరు పంక్చరైందని వంగి బస్సుల కిందికి చూసేవారు. మా పెద్దసారు చాలా మర్యాదగా నన్ను పార్సిళ్ల గదికి మార్చాడు. పార్సిళ్లకు చెవులుండవు కదా.

పళ్ల డాక్టరు నస్రీన్ గారు నెమ్మదస్తురాలు. నోట్లోకి లైటు వేసి చూసి, "ఏ ఊరు సార్ మీది?" అంది. ఊరి పేరు చెప్పాను. ఆమె చేతిలోని పెన్ను ఆగిపోయింది. విరిగిన పన్ను ముక్కను ఆ రోజే తీసేసింది. వేర్లు వదిలిన గుంతలు మానాక ఏం చేయాలో చెప్పింది. మా వైపు బొక్కంటే ఎముక, కన్నం కాదు.

"తీసి పెట్టుకునే సెట్టు ఉంటది. లేదంటే దవడ బొక్కల చిన్న స్క్రూ దింపుతం. బొక్క దాన్ని పట్టుకోవాలె. పట్టుకున్నంక దాని మీద పన్ను కూసోవెడ్తం."

"పట్టుకుంటదా మేడం?"

"మామూలుగ పట్టుకుంటది. మీరు చిన్నప్పటిసంది ఆ నీళ్లే తాగిండ్రు కదా సార్. అసొంటి బొక్క పైకి గట్టిగనే కనవడ్తది. లోపట ఎట్లున్నదో, పెట్టి చూస్తెనే తెలుస్తది."

ఇంటికొచ్చి ఈ మాట వంటింట్లో సుజాత చెవిలో చెప్పాను. మెడ తిరగకపోయినా బాపు చెవులు అన్ని దిక్కులకూ తిరుగుతాయి. వరండాలోంచి అడిగాడు.

"బొక్క పట్టకుంటే?"

సుజాత పొయ్యి మంట తగ్గించింది.

"పట్టకుంటే నా బోరే," అన్నాడు. "నా అసొంటి బొక్కలే నీకు గూడ వచ్చినట్టు."

అప్పటిదాకా అది రెండు పళ్ల వ్యవహారం. ఆ మాటతో నా దవడ మా ఇంటి న్యాయస్థానమైంది. స్క్రూ నిలిస్తే బాపు నిర్దోషి. ఊగితే, కొడుకు ఎముకల్ని తన చేతులతో పాడుచేసినవాడు. నాకూ లోపల ఒక భయం మొదలైంది. పొద్దున లేవగానే మెడ పట్టేసినట్టుంటే అంతకుముందు దిండును తిట్టేవాణ్ని. ఇప్పుడు దిండును తిట్టడానికి నోరు రావడం లేదు.

ఆషాఢం

స్క్రూలు దింపిన రోజు నొప్పి తెలియలేదు. పై పెదవి మొద్దుబారి, పక్కింటివాళ్లది అరువు తెచ్చుకున్నట్టుంది. కానీ చప్పుడుంది. బుర్రంతా ఒకటే మోత. మధ్యలో నీళ్లు చిమ్ముతున్నాయి. "ఇంకొంచెం లోతుకు," అంటోంది డాక్టరమ్మ. ఇదేదో తెలిసిన వ్యవహారంలా ఉందనిపించింది. నా దవడలో బోరు వేస్తున్నారు. చిన్నప్పుడు బోరుబండి పక్కన, ఒళ్లంతా తెల్లటి దుమ్ముతో, నీళ్లు పడతాయా పడవా అని నిలబడ్డ బాపు గుర్తొచ్చాడు. అప్పుడు ఆయన నడుము నిటారుగా ఉండేది. కళ్లలో నీళ్లు తిరిగితే నర్సు మిషన్ నీళ్లనుకొని తుడిచింది.

జాగ్రత్తలు డాక్టరమ్మ స్పష్టంగానే చెప్పింది. గట్టివి నమలొద్దు. స్ట్రా పెట్టి పీల్చొద్దు. బీడీ, సిగరెట్ ముట్టొద్దు. నేను బుద్ధిగా తలూపాను.

అప్పుడు కోస్గి నుంచి ఫోను వచ్చింది. అక్కడ సుజాత తమ్ముడు సత్తయ్య గొర్లు కాస్తాడు. పోచమ్మకు బోనం ఎత్తుతున్నామని, మందలోంచి యాటను కోస్తున్నామని, బావ రాకపోతే తన ముఖం చూడొద్దని అతని హెచ్చరిక. వెళ్లాం. మా వైపు ఇంటల్లుడికి ఏ మర్యాద తక్కువైనా సర్దుకుంటారు గానీ, పళ్లెంలో నల్లి బొక్క పడకపోతే ఊరుకోరు. లోపల మూలుగ నిండుగా ఉన్న కాలి ఎముక అది. పెట్టకపోతే పెట్టనివాడికి అవమానం, తినకపోతే తిననివాడు అవమానించినట్టు. సత్తయ్య గంటెతో గంగాళమంతా కలియబెట్టి, చిన్నపిల్లాడి మోచేతి పొడుగున్న బొక్కను తెచ్చి నా ముందు పెట్టాడు. అంత పెద్దది గొర్రెకు ఉండదని మీరనవచ్చు. ఆ రోజు ఉంది.

"వద్దు సత్తీ. స్క్రూలు వెట్టిండ్రు. నమలొద్దన్నరు."

"నమలమని ఎవలన్నరు బావా? జుర్రుమంటున్న. నల్లి బొక్కను నమిలేటోడు కుక్కైతడు గని అల్లుడైతడా?"

చుట్టూ బంతిలో కూర్చున్నవాళ్లు నవ్వారు. వాదనలో బలముంది. డాక్టరమ్మ నమలొద్దంది, స్ట్రా వద్దంది. బొక్క ఊసే ఎత్తలేదు. బొక్కను పళ్లెం అంచుకు రెండు దెబ్బలు కొట్టి, పై చిగురుకు అదిమిపెట్టి, ఊపిరంతా బిగపట్టి పీల్చాను. మూలుగ వచ్చింది. దాని వెనకాలే, దవడలోంచి కంటిదాకా ఎవరో దారం గుంజినట్టు ఒక సలుపు వచ్చింది.

వడ్డిస్తున్న సుజాత చూసింది. "ఏం జేస్తున్నవయ్యా నువ్వు?"

"నములుతలేను," అన్నాను.

రెండు రోజులకు మూతి ఉబ్బింది. ఎంత ఉబ్బిందంటే, పార్సిళ్ల గదికి నాకంటే ముందు అదే వెళ్లేది. డాక్టరమ్మ మందులు రాసింది. వాపు తగ్గింది. ఏం తిన్నారని ఆమె అడిగితే "మెత్తటివే" అన్నాను. మూలుగకంటే మెత్తటిది ఏముంది?

బతుకమ్మ రోజులు

స్క్రూలు పట్టాయో లేదో చూసే రోజు వచ్చింది. వీధిలో ఆడవాళ్లు తంగేడు పూలతో పోతున్నారు. కుడివైపు స్క్రూకు డాక్టరమ్మ చిన్న తాళంచెవిలాంటిది తగిలించి తిప్పింది. కదల్లేదు. ఎడమవైపుది, ఆమె అలా తగిలించిందో లేదో, మెత్తగా తిరిగింది. నొప్పి కూడా లేదు. నొప్పి ఉంటే బాగుండేదనిపించింది.

"ఇది పట్టలేదు సార్. తీసేయాలె."

"ఎందుకు మేడం?"

సుజాత ఆగలేదు. కోస్గి కథంతా చెప్పేసింది. డాక్టరమ్మ తాళంచెవిని ట్రేలో పెట్టింది.

"దాని వల్ల గావచ్చు. నీళ్ల వల్ల గావచ్చు. ఏది అని నేను చెప్పలేను."

బయట బెంచీ మీద నోట్లో దూదితో కూర్చొని ఏడ్చాను. స్క్రూ పోయినందుకు కాదు. ఇంటికెళ్లి ఆ ముసలాయనకు ఏం చెప్పాలో తెలియక. పక్కన బురఖాలో ఒక పెద్దావిడ ఉంది. నా ఏడుపు నొప్పికనుకుంది.

"ఏడువకు బిడ్డా. నాయి మొత్తం తీసేసిన్రు. బతుకుతలేనా?" అంటూ సంచిలోంచి స్టీలు డబ్బా తీసి, మూత తెరిచి, తన పళ్ల సెట్టును నాకు చూపించింది. నీళ్లలో అవి ప్రశాంతంగా నవ్వుతున్నాయి. నన్ను లోపలినుంచి మళ్లీ పిలిచేదాకా ఆమె నా చెయ్యి వదల్లేదు. తన వంతు వచ్చినా, "తర్వాత పోత తీ," అని నర్సును వెనక్కి పంపింది.

ఇంట్లో బాపు అడగనే లేదు. మా చెప్పులు ఈడ్చుకుంటూ రావడం చూసే అర్థం చేసుకున్నాడు.

"పట్టలేదు గదా."

"బాపు, ఒకటి పట్టింది. ఇంకొకటి నల్లి బొక్క వల్ల పోయింది. మా సత్తిగాడు వెట్టిండు, నేను జుర్రిన..."

"దవడల స్క్రూ వెట్టుకొని నల్లి బొక్క జుర్రినవా?"

"జుర్రిన."

"నా కొడుకు గంత పిచ్చోడు గాదు," అన్నాడు బాపు. "నాకు బాధ గావద్దని కథలు అల్లుతున్నవు."

ఆషాఢంలో ఆ బొక్కను ఆయనకు వర్ణించినప్పుడు మోచేతి పొడుగని చెప్పి ఉండకపోతే నమ్మేవాడేమో. అప్పుడు పొట్ట పట్టుకొని నవ్వి, "పొట్టేలుకా, ఏనుగుకా?" అన్నాడు. నేను పుట్టినప్పటినుంచీ చెప్పినవాటిలో ముప్పావు వంతు అబద్ధమని ఆయన లెక్క. ఆ లెక్క కొంచెం తక్కువే. కానీ ఈ ఒక్కటి నిజం, దీనికే గిరాకీ లేకుండా పోయింది.

"మామా, నేను సూసిన," అంది సుజాత.

"నువ్వు వాని పెండ్లానివి. వాడు ఏం జెప్తే గదే అంటవు."

పెళ్లయ్యాక సుజాత నా మాటకు అవునన్నది ఇదే మొదటిసారని ఎంత చెప్పినా వినలేదు. చివరికి సాక్షిగా సత్తయ్యకు ఫోన్ చేసి, అందరికీ వినపడేలా పెట్టాం.

"సత్తీ, బోనాలప్పుడు బావకు నల్లి బొక్క వెట్టినవా లేదా?" అంది సుజాత.

అటువైపు గొర్ల అరుపులు వినిపించాయి. ఆ తర్వాతే మనిషి గొంతు వచ్చింది.

"ఎందుకక్కా?"

"బావ స్క్రూ ఊడింది."

"నేను వెట్టలే," అన్నాడు సత్తయ్య వెంటనే. "బావకు నేను చారు, అన్నం పెట్టిన. మెత్తగ పిసికి మరీ పెట్టిన. పోచమ్మ తోడు."

బావ దవడ విరగ్గొట్టిన నేరం తన మీద పడుతుందని భయపడ్డాడు పాపం. ఫోను పెట్టేశాం. బాపు గోడ పట్టుకొని లేచి, తన మంచం దగ్గరికి వెళ్లిపోయాడు.

చలికాలం

ఎముక మళ్లీ పూడేదాకా ఆగాలన్నారు. ఆగడమంటే ఏమిటో ఆ చలికాలం నేర్పింది. బాపు మాతో కలిసి తినడం మానేశాడు. పళ్లెం మంచం దగ్గరికే తెచ్చిపెట్టమనేవాడు. ఎవరి చెప్పులు వచ్చినా పలకరించేవాడు, నా చెప్పులు తప్ప. నేను జోకులు వేసేవాణ్ని. ముందరి పళ్లు లేని నోటితో వేసే జోకులు వినేవాళ్లకు జాలి కలిగిస్తాయని అప్పుడే తెలిసింది. సుజాత నా మీద, నేను సత్తయ్య మీద, సత్తయ్య తన గొర్ల మీద విసుక్కుంటూ సంక్రాంతి దాటించాం.

సత్తయ్యకు మనసొప్పలేదు. ఒకరోజు కోస్గి నుంచి బస్సు మీద బస్సు మారి వచ్చి, బాపు మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"మామా, అబద్ధం ఆడిన. బొక్క నేనే వెట్టిన. బావ వద్దన్నడు, నేనే జుర్రమన్న."

బాపు అతని చేతుల వైపు చూశాడు.

"నిన్ను గూడ సాక్ష్యానికి మోపు జేసిండ్రా కొడుకా," అన్నాడు. "గింత దూరం రప్పిచ్చిండ్రు గదా."

సత్తయ్య నా వైపు చూశాడు. నేను సుజాత వైపు చూశాను. ఆ ఇంట్లో నిజానికి ఇక ఏ దారీ మిగల్లేదు.

శివరాత్రి

ఎడమవైపు మళ్లీ పెడదామంది డాక్టరమ్మ. ఈసారి గుంతలో ఎముక పొడి కూడా నింపాలంది. ఆ మాట ఇంట్లో చెబితే, నెలల తర్వాత బాపు నాతో నేరుగా మాట్లాడాడు.

"ఎవల బొక్కరా గది?"

"ఎవలది గాదు బాపు. మందు తీరు తయారు జేస్తరట."

"గట్లనా." దుప్పటి సర్దుకొని, "నాది పనికొస్తే ఇద్దును," అన్నాడు. "పనికిరాదు గదా."

మూడు లోకాల్లో దేనికైనా తక్షణం ఎదురుమాట అనగలిగిన నేను, బయటికి పోయి స్కూటరు తుడుచుకున్నాను. అది ముందే శుభ్రంగా ఉంది.

రెండోసారి దింపాక ఎలా ఉన్నానంటే, గాలిని కూడా నమలకుండా మింగాను. గట్క, జావ, పెరుగన్నం. పెళ్లి విందులకు వెళ్తే మాంసం వాసన వచ్చే వైపు ముక్కు కూడా తిప్పలేదు. సత్తయ్య మాత్రం ప్రతి పండక్కీ ఫోన్ చేసి, "బావా, నువ్వు రాకు," అని ప్రేమగా ఆహ్వానించేవాడు.

మళ్లీ వానలు

పరీక్ష రోజు వాన ముసురు పట్టింది. వెయిటింగ్ హాల్లో గొడుగుల నీళ్లు మడుగు కట్టాయి. ఆ స్టీలు డబ్బా పెద్దావిడ కోసం వెతికాను. లేదు. డాక్టరమ్మ అద్దం పుల్ల వెనక్కి తిప్పి, ముందు కుడివైపు స్క్రూ మీద తట్టింది. గంట కొట్టినట్టు సన్నగా మోగింది. పట్టినది అలాగే మోగుతుందట. ఆ తర్వాత ఎడమవైపు చెయ్యెత్తింది. ఆ చెయ్యి నా నోటికి రావడానికి పట్టిన సమయంలో నల్గొండ నుంచి హైదరాబాద్ పోయి రావచ్చు. తట్టింది. మోగింది. నాకు నమ్మకం కుదరలేదు. తాళంచెవి పెట్టి తిప్పమన్నాను. తిప్పింది. కదల్లేదు.

"పట్టింది సార్."

"అంటే మా నీళ్ల తప్పు లేనట్టే కదా మేడం? మా బాపుకు చెప్పొచ్చు కదా?"

ఆమె చేతి గ్లౌజులు తీసి చెత్తబుట్టలో వేసింది.

"గట్ల నేను చెప్పలేను సార్. ఈ రెండు స్క్రూలను మీ బొక్క పట్టింది. గంతవరకే చెప్తా. మీ మెడ, నడుము సంగతి పెద్ద దవాఖానల చూపించుకోండ్రి."

చూపించుకోవాలి. ఇంకా చూపించుకోలేదు. స్క్రూలు పట్టినందుకే సంతోషపడే హక్కు నాకు కొన్నాళ్లయినా ఉండాలనిపించింది.

కొలతలు తీసుకున్నాక పళ్ల రంగు ఎంచుకోమంది. తెల్లటివి పెడితే పక్కపళ్లతో అతకవంది. మా ఊరి రంగే వేయించమన్నాను. ఇటుకరంగు చారలతో సహా వచ్చాయి. ఎంత బాగా కుదిరాయంటే, పుట్టుకతో వచ్చినవాటి కంటే ఇవే మా ఊరివనిపిస్తున్నాయి. మైకు దగ్గరికి తిరిగి వెళ్లాను. మొదటిరోజు దేవరకొండ బస్సు పేరు అవసరానికి మించి చాలాసార్లు చెప్పాను. మా పెద్దసారు వచ్చి ఆ బస్సు వెళ్లిపోయి చాలాసేపయిందన్నాడు.

కానీ పళ్లు బిగించిన రోజు అన్నిటికన్నా ముందు ఇంటికే వెళ్లాను. బాపు మంచం మీద కూర్చొని ఉన్నాడు. ఆయన తల పైకి లేవదు కాబట్టి నేనే కింద కూర్చొని, ఆయన చూపు పడేచోట ముఖం పెట్టి, నోరు తెరిచాను.

"పట్టినయి బాపు. రెండూ."

"నీ మాట నేను నమ్మ."

వంకర తిరిగిన చూపుడువేలు నా నోట్లో పెట్టాడు. బొటనవేలితో కలిపి ఎడమవైపు పన్ను పట్టుకొని గుంజాడు. నా తల ముందుకు కదిలింది. పన్ను కదల్లేదు. ఇటు ఊపాడు, అటు ఊపాడు.

"కదుల్తలేదు," అన్నాడు. నాతో కాదు.

నోట్లో వేళ్లుండగా ఏం మాట్లాడతాను? అంత దగ్గరగా ఆయన ముఖం చూసి ఎన్నేళ్లయిందో. వంటింట్లోంచి సుజాత, "మామా, పన్ను పీకుతవా ఏంది?" అని కేకేసింది. ఆయన వేళ్లు తీయలేదు. ఇంకోసారి గట్టిగా గుంజాడు.